ఇడ్లీ పిండి వ్యాపారం: నెలనెలా పోయే 5,112 మీద ఏడు నెలల డైరీ

మాది విశాఖపట్నంలోని కూర్మన్నపాలెం. పగలు ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో అకౌంట్లు రాస్తాను. సాయంత్రం నుంచి ఇడ్లీ పిండి. మా ఆయనది షిఫ్టు డ్యూటీ. ఎ షిఫ్టు వారం డెలివరీ ఆయన చూస్తారు, బి షిఫ్టు వారం నేనూ అత్తయ్యా చూసుకుంటాం. వ్యాపారం ఎలా మొదలైందన్నది ఇక్కడ రాయడం లేదు. ఉద్యోగం చేసుకుంటూ పక్కన చిన్న వ్యాపారం నడిపేవాళ్ళకు పనికొచ్చేది ఖర్చుల లెక్క, అందులోనూ నేను చేసిన తప్పులు. అవే రాస్తున్నాను.

దశ 0. సెప్టెంబరు: రెండు కాలమ్‌లు

అప్పటిదాకా నా పుస్తకంలో ఖర్చులన్నీ ఒకే వరుసలో ఉండేవి. పప్పు బస్తా కింద యాప్ చందా, దాని కింద పెట్రోలు. ఒక ఆదివారం కూర్చుని రెండుగా విడదీశాను: అమ్మితేనే పోయేవి ఒక వైపు, అమ్మినా అమ్మకపోయినా పోయేవి ఇంకో వైపు.

అమ్మితేనే పోయేవి, కిలో పిండికి:

1. మినపగుళ్ళు, ఇడ్లీ రవ్వ: 36.70 (కిలో పప్పుకి రెండు కిలోల రవ్వ. తడి కలిశాక సుమారు 6 కిలోల పిండి)
2. కవరు, లేబుల్: 2.30
3. పెట్రోలు: 3.20
4. గ్రైండర్, లైటు, ఫ్యాను కరెంటు: 0.60
5. నీళ్ళ టిన్లు: 0.70

మొత్తం 43.50. అమ్మేది 60కి. కిలోకి మిగిలేది 16.50.

అమ్మినా అమ్మకపోయినా నెలకు పోయేవి:

1. షట్టరు అద్దె: 3,000
2. కరెంటు ఫిక్స్‌డ్ చార్జీ: 225
3. ఫ్రిజ్ తినే కరెంటు: 484
4. డబ్బు పడగానే అరిచే సౌండ్ బాక్స్ అద్దె: 125
5. బిల్లింగ్ యాప్ (ఏడాదికి 2,999): 250
6. బ్యాంకులో వ్యాపారం కోసం ఉన్న కరెంట్ అకౌంట్‌లో మినిమమ్ బ్యాలెన్స్ లేనందుకు కోత (మూడు నెలలకోసారి 590): 197
7. వ్యాపారం కోసం రెండో సిమ్: 216
8. ఫోన్లో ఇచ్చే ప్రకటన: 500
9. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి వస్తువుల భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్, ట్రేడ్ లైసెన్స్, కాటాకి ఏటా వేయించే ముద్ర, మూడూ కలిపి నెలకు వేస్తే: 115

మొత్తం: 5,112.

సిమ్ దగ్గర ఒక మాట. 199 రీచార్జి కదా అని నెలకు 199 రాసుకోకండి. 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు. 2,587ని 12తో భాగిస్తే 216 వస్తుంది.

ఆ నెల నేను అమ్మింది 264 కిలోలు. 264ని 16.50తో గుణిస్తే 4,356. పోయేది 5,112. అంటే నెలలో 22 రాత్రులు పప్పు కడిగి, రుబ్బి, పొద్దున్నే ప్యాకెట్లు కట్టి, చివరికి నా జీతంలోంచి 756 వేశాను. 310 కిలోలు దాటితే గానీ మొదటి రూపాయి మిగలదు. ఆ అంకె చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదట వచ్చిన ఆలోచన ఇంకా ఎక్కువ అమ్ముదామని. కానీ నాకున్నది రోజుకు మూడు గంటలు. ఇంకో 50 కిలోలు చేయాలంటే పిల్లల చదువు దగ్గర కూర్చునే గంట పోతుంది. అందుకే రెండో కాలమ్‌ని తగ్గించడమే పని అనుకున్నాను. లక్ష్యం 2,500 లోపు.

దశ 1. సెప్టెంబరు చివర: సౌండ్ బాక్స్, ప్రకటన

సౌండ్ బాక్స్ కొట్లో కూర్చుని అమ్మేవాళ్ళకు నిజంగా అవసరం. నేను అమ్మేది అపార్టుమెంట్ల గేటు దగ్గర. బాక్స్ షట్టర్లో ఉంటే నేను వడ్లపూడిలో ఉంటాను. ఒకసారి అత్తయ్య ఫోన్ చేసి, "అమ్మాయ్, ఇక్కడ పెట్టె అరవై రూపాయలని అరుస్తోంది, ఎవరిచ్చారో రాసుకోవాలా?" అని అడిగింది. ఆ వారమే తిరిగిచ్చేశాను. గోడకీ బండికీ అతికించే క్యూఆర్ కాగితానికి అద్దె లేదు.

ప్రకటన విషయంలో ఊహ మీద నిర్ణయం తీసుకోలేదు. నాలుగు వారాలు కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళనీ "ఎవరు చెప్పారండీ?" అని అడిగి గీతలు గీశాను. 31 మందిలో పక్కింటివాళ్ళు చెప్పారన్నవాళ్ళు 22, గేటు దగ్గర చూశామన్నవాళ్ళు 7, ఫోన్లో చూశామన్నవాళ్ళు 2. ఆ ఇద్దరిలో ఒకరు మధురవాడలో ఉంటారు. అంత దూరం నేను వెళ్ళలేను. ప్రకటన ఆపేశాను.

ఇప్పటిదాకా: 5,112 → 4,487.

దశ 2. అక్టోబరు: యాప్, బ్యాంకు, సిమ్. వరుస తప్పింది

ఈ డైరీలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇది. తీరిగ్గా చదవండి.

మూడూ తీసేయాలని అనుకున్నాను. సిమ్ తేలిక కదా, రీచార్జి చేయకపోతే చాలు అని ముందు దాన్ని వదిలేశాను. వాట్సాప్ బిజినెస్‌ని నా మామూలు నంబరుకి మార్చాను. కానీ కరెంట్ అకౌంట్‌కి ఇచ్చిన మొబైల్ నంబరు ఆ పాతదే. బిల్లింగ్ యాప్ ఏడాది చందా ఆ అకౌంట్ నుంచే ఆటోపేలో పోయేలా పెట్టి ఉంది.

ఇలా ఆటోమేటిక్‌గా డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందే మనకు తెలియజేయాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. మెసేజ్ వచ్చే ఉంటుంది. వచ్చింది మూగబోయిన నంబరుకి. 15,000 లోపు మొత్తమైతే ఓటీపీ కూడా అడగదు. మర్నాడు 2,999 పోయింది. నాకు తెలిసింది ఐదో రోజున, ఖాతా మూసేద్దామని బ్యాంకుకి వెళ్ళి పాస్‌బుక్ ప్రింట్ చేయించాక. యాప్ వాళ్ళకు రాస్తే, ఒకసారి చందా మొదలయ్యాక వెనక్కి ఇవ్వమన్నారు.

మీరు ఈ పని చేస్తే వరుస ఇది:

1. యూపీఐ యాప్‌లో ఆటోపే పేజీ తెరవండి. నడుస్తున్న ప్రతి మాండేట్‌నీ (డబ్బు దానంతటదే తీసుకోమని మనం ఇచ్చిన అనుమతి) చూసి, అక్కర్లేనివి రద్దు చేయండి. కార్డు మీద పెట్టినవి ఉంటే బ్యాంకు యాప్‌లో విడిగా చూడండి.
2. యాప్‌లో ఉన్న బిల్లులు, కస్టమర్ల జాబితా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.
3. క్యూఆర్ కోడ్‌ని కొత్త ఖాతాకి కలిపి, ఒక రూపాయి వేసి చూడండి. నాది వాడకుండా ఉన్న ఒక పాత సేవింగ్స్ ఖాతా. ఇంటి ఖర్చు దాంట్లో కలపను.
4. పాత ఖాతాలో రెండు వారాలు ఏ కదలికా లేదని చూసి మూసేయండి.
5. సిమ్ అన్నిటికన్నా ఆఖర్న. ఆ నంబరు ఎక్కడెక్కడ ఇచ్చారో రాసుకుని, అన్నిచోట్లా మార్చాకే.

సిమ్ ముందే ఆపడం వల్ల ఇంకో నష్టం కూడా జరిగింది. 14 మంది పాత కస్టమర్లు ఆ నంబరుకే చేస్తూ ఉండిపోయారు. అందులో ముగ్గురు ఇప్పటికీ తిరిగి రాలేదు.

యాప్ స్థానంలో ఇప్పుడు ఫోన్లో ఒక షీట్ ఉంది: తేదీ, ఫ్లాటు నంబరు, కిలోలు, ఇచ్చారా లేదా. 60 ఇళ్ళకు ఇది చాలు.

లెక్కలో నిజాయితీ ఉండాలి కాబట్టి ఆ 250ని తీసేయలేదు. డబ్బు పోయింది కదా, ఏడాదంతా అది పట్టికలో ఉంటుంది. తగ్గినవి బ్యాంకు 197, సిమ్ 216.

ఇప్పటిదాకా: 4,487 → 4,074.

దశ 3. నవంబరు: ఫ్రిజ్

మా షట్టరు మీటరు కమర్షియల్ కేటగిరీ. ఈపీడీసీఎల్ బిల్లు మీద రేటు ఇలా ఉంది: మొదటి 50 యూనిట్లు 5.40, 51 నుంచి 100 దాకా 7.65, 101 నుంచి 300 దాకా 9.05. ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కి 75. సర్దుబాటు చార్జీలు నెలనెలా మారతాయి కాబట్టి వాటిని ఇక్కడ కలపలేదు.

గ్రైండరే ఎక్కువ తింటుందని ఇంట్లో అందరం నమ్మేవాళ్ళం, గట్టిగా తిరుగుతుంది కాబట్టి. 700 పెట్టి ప్లగ్ మీటర్ కొన్నాను. దాన్ని గోడ ప్లగ్గుకీ మన వస్తువుకీ మధ్య పెడితే ఎన్ని యూనిట్లు తిన్నదో చూపిస్తుంది. వారం రోజుల కొలత:

గ్రైండర్, లైటు, ఫ్యాను కలిపి: నెలకు 20 యూనిట్ల లెక్క.
సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్: రోజుకు 2.6 యూనిట్లు, నెలకు 78.

గ్రైండర్ అరగంటో ముప్పావుగంటో తిరిగి ఆగిపోతుంది. ఫ్రిజ్ మనం ఆఫీసులో ఉన్నా, పండక్కి ఊరెళ్ళినా తిరుగుతూనే ఉంటుంది.

మొదటి ప్రయత్నం ఘోరంగా దెబ్బతింది. 450 పెట్టి టైమర్ కొని, రాత్రి 11 నుంచి 5 దాకా ఫ్రిజ్ ఆపేశాను. రాత్రి చల్లగానే ఉంటుంది కదా అనుకున్నాను. పొద్దున్న తలుపు తీస్తే కవర్లన్నీ ఉబ్బి దిండ్లలా ఉన్నాయి. ఒకటి పగిలి పిండి కింది అరదాకా కారింది. పుల్లటి వాసన. 9 కిలోలు పారబోశాను, 392 నష్టం. పులిసిన పిండికి చలి ఒక్కటే పగ్గం. ఆరు గంటలు వదిలితే అది ఆగదు, సముద్రపు తేమ ఉన్న మన ఊళ్ళో అసలే ఆగదు. టైమర్ పక్కన పడేశాను.

తర్వాత ఒక్కోటి చేసి, ప్రతిదాని తర్వాత మూడు రోజులు కొలిచాను:

1. వెనక జాలీ శుభ్రం చేయడం. ప్లగ్ తీసి, మెత్తటి బ్రష్‌తో. ఉప్పుగాలికి దుమ్ము జిగురులా పట్టేసి ఉంది. 2.6 → 2.3.
2. గోడకు ఆనించి ఉన్నదాన్ని జానెడు ముందుకు జరపడం. ఆ గోడ పడమటి ఎండ గోడ. 2.3 → 2.1.
3. డోర్ రబ్బరు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగాలి. బిగువుగా వస్తే రబ్బరు బాగున్నట్టు. పైన మూడు వైపులా బిగువుగా వచ్చింది. కింద బిజాగరీ వైపు కాగితం దానంతటదే జారి పడిపోయింది. అక్కడ వేలు పెడితే చల్లగాలి తగిలింది. రబ్బరు మార్పించడానికి 650. 2.1 → 1.6.
4. థర్మోస్టాట్ బొత్తం మీది అంకె 5 నుంచి 3కి (అంకె పెద్దదైతే చలి ఎక్కువ). పిండి ప్యాకెట్ మధ్యలో థర్మామీటర్ పెట్టి చూస్తే 4 డిగ్రీలే ఉంది, చాలు. 1.6 → 1.5.

ఇప్పుడు నెలకు 45 యూనిట్లు, అంతా మొదటి శ్లాబులోనే. 484 ఉన్నది 243 అయింది.

ఇప్పటిదాకా: 4,074 → 3,833. ఒకసారి పోయినవి (ప్లగ్ మీటర్, టైమర్, రబ్బరు, పారబోసిన పిండి): 2,192.

దశ 4. డిసెంబరు, జనవరి: గది

మిగిలిన 3,833లో 3,000 అద్దే. దాన్ని కదపకుండా మిగతావి ఎంత చెక్కినా లాభం లేదు.

మొదట వాటా ప్రయత్నం. నాకు గది కావలసింది రాత్రి 7 నుంచి పొద్దున్న 8 దాకా. బట్టలు కుట్టే ఒక వదినగారికి పగలు కావాలి. చెరి సగం, 1,500. కాగితం మీద ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. మూడు వారాలు నడిచింది. గ్రైండర్ మీద గుడ్డ కప్పేదాన్ని. నాలుగో సోమవారం రుబ్బు తీస్తూ ఉంటే రాయి చుట్టూ సన్నటి ఎర్ర దారప్పోగు తిరుగుతోంది. తీసి చూస్తే ఇంకో రెండు. ఆ వాయి 4 కిలోలు కస్టమర్‌కి పంపలేదు, 174 పోయింది. తప్పు ఆవిడది కాదు. గుడ్డ పొట్టు గాల్లో ఉంటుంది, తిండి వస్తువు చేసే చోట ఆ పని కలపకూడదు. ఆవిడకు చెప్పి విడిపోయాం, ఇప్పటికీ మా దగ్గరే పిండి తీసుకుంటారు.

తర్వాత బుద్ధిగా ఆలోచించాను. నేను కట్టే 3,000లో సగం రోడ్డు మీదికి ఉన్న షట్టరుకే. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఎవరూ నా దగ్గర కొనడం లేదు, నేనే వాళ్ళ గేటుకి వెళ్తున్నాను. సందు లోపల వెనక గదులు వెతికాను. ఒక మామ్మగారి ఇంటి వెనక గది దొరికింది, 1,600కి. "పాపా, రాత్రి పదకొండు దాటితే గ్రైండర్ ఆడకూడదు" అన్నది ఒక్కటే షరతు. ఇప్పుడు ఆఫీసు నుంచి రాగానే ముందు రుబ్బడం, తర్వాతే వంట.

గది చూడ్డానికి వెళ్తే అద్దె కన్నా ముందు ఇవి చూడండి:

1. కరెంటు బిల్లు మీద లోడు, అంటే ఆ మీటరుకి రాయించిన కిలోవాట్లు. ఫిక్స్‌డ్ చార్జీ దీని మీదే పడుతుంది. పాత షట్టరులో మాకన్నా ముందు వెల్డింగ్ షాపు ఉండేది, లోడు 3 కిలోవాట్లు. అందుకే నెలకు 225. నా గ్రైండరూ ఫ్రిజ్జూ లైటూ అన్నీ ఒకేసారి వేసినా ముప్పావు కిలోవాట్ దాటదు. కొత్త గది మీటరు కూడా కమర్షియలే, కానీ లోడు 1 కిలోవాట్, 75.
2. నేల వాలు. పప్పు కడిగిన నీళ్ళు వాటంతటవే తూము వైపు వెళ్ళాలి.
3. ప్లగ్గుకి ఎర్త్ ఉందా లేదా. తడి చేతులతో చేసే పని ఇది.

ఇక్కడా ఒక పొరపాటు చేశాను. లేబుళ్ళు వెయ్యి అచ్చు వేయించి ఉన్నాయి, పాత అడ్రసుతో. కొత్త అడ్రసుకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పని ఆన్‌లైన్‌లో చూసుకున్నాను. కానీ లేబుల్ మీద పాత అడ్రసు ఉంచి అమ్మకూడదు కదా, 640 లేబుళ్ళు వృథా, 384. ఇప్పుడు లేబుల్ మీద పేరు, బరువు, రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం అచ్చు. అడ్రసుకి 180 పెట్టి రబ్బరు స్టాంపు చేయించాను, తేదీకీ ధరకీ వేరే స్టాంపు ముందే ఉంది. సామాను మార్చడానికి ట్రాలీ ఆటో 400.

ఇప్పటిదాకా: 3,833 → 2,283. ఒకసారి పోయినవి: 3,330.

దశ 5. ఫిబ్రవరి: మొదటి కాలమ్ కొంచెం

రోజూ డెలివరీ మానేసి మంగళ, గురు, శని అన్నాను. ముందు రోజు రాత్రి 8 లోపు వాట్సాప్‌లో చెప్పాలి. నా స్కూటర్ ఈ ఎత్తుపల్లాల్లో లీటరుకి 42 ఇస్తుంది, ట్యాంకు నింపి మూడుసార్లు కొలిచాను. నెలకు 22 రోజులు, రోజుకు 11 కిలోమీటర్లు ఉన్నది 13 రోజులైంది. అమ్మకం 264 నుంచి 234 కిలోలకు పడింది. పడుతుందని తెలిసే చేశాను.

పూర్ణా మార్కెట్ ప్రయాణం కూడా మానేశాను. నెలకు రెండుసార్లు, రానూపోనూ 45 కిలోమీటర్ల దాకా. గాజువాకలో ఒక హోల్‌సేల్ కొట్టాయన బస్తాలుగా తీసుకుంటే ఇంచుమించు అదే ధరకి ఇంటికి పంపుతానన్నారు. ఆ ఉత్సాహంలో రవ్వ మూడు బస్తాలు ఒకేసారి దింపించాను. కొత్త గదిలో నేల మీదే పెట్టాను. నెల తిరిగేసరికి అడుగు బస్తాకి నెమ్ము తగిలి పురుగు పట్టింది, 17 కిలోలు, 731. ఇప్పుడు ఒక్క బస్తానే తెప్పిస్తాను, చెక్క మీద పెడతాను. మిగతాది మూత ఉన్న స్టీలు డ్రమ్ములో.

కిలోకి ఖర్చు ఇప్పుడు: పప్పు, రవ్వ 37.20, కవరు, లేబుల్ 2.30, పెట్రోలు (లీటరు 108 లెక్కన) 1.60, కరెంటు 0.60, నీళ్ళు 0.70. మొత్తం 42.40. మిగిలేది 17.60.

234 కిలోల మీద 4,118. అందులో 2,283 పోతే 1,835 మిగులు. సెప్టెంబరులో 30 కిలోలు ఎక్కువ అమ్మి 756 పోగొట్టుకున్నాను. ఖర్చులు రావడానికి అప్పుడు 310 కిలోలు అమ్మాలి, ఇప్పుడు 130 చాలు.

ఒకసారి పోయినవి మొత్తం: 4,061.

దశ 6. మార్చి: మూసి చూడడం

మా పెద్దాడికి పదో తరగతి పరీక్షలు. సెప్టెంబరు లెక్కతో అయితే మూసే ధైర్యం నాకు ఉండేది కాదు. వాడు పక్క గదిలో చదువుతుంటే నేను 3,000 అద్దె కోసం రుబ్బుతూ ఉండేదాన్ని. ఈసారి మార్చి 14 డెలివరీ తర్వాత ఆపేశాను. అందరికీ ఒకే మెసేజ్: "బాబుకి పదో తరగతి పరీక్షలు. ఏప్రిల్ 2 గురువారం నుంచి మళ్ళీ పిండి." 41 మంది వాడికి ఆల్ ది బెస్ట్ చెప్పారు. ఒక పెద్దాయన హాల్ టికెట్ మర్చిపోవద్దని రెండుసార్లు రాశారు.

మార్చి లెక్క:

1. అమ్మింది 6 రోజులు, 108 కిలోలు. మిగిలింది 1,901.
2. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, 17 రోజులు ఆపేశాం. 25.5 యూనిట్లు, 138 తగ్గింది. పోయింది 2,145.
3. నెల మొత్తం మీద నష్టం 244. పాత ఖర్చులే ఉంటే ఇదే నెలకు 3,330 అయ్యేది.

ఫ్రిజ్ ఆపేటప్పుడు తలుపు పూర్తిగా మూయకండి, లోపల బూజు పడుతుంది. మేం చిన్న కొబ్బరి పీచు ముద్ద సందులో పెట్టాం. 17 రోజుల తర్వాత వాసన లేదు, కొత్త రబ్బరు కూడా చెక్కుచెదరలేదు.

ఏప్రిల్ 1, సాయంత్రం 6: ఆఖరి పరీక్ష రాసి వచ్చి వాడే ఫ్రిజ్ ఆన్ చేశాడు. రాత్రి 8 కల్లా ఆర్డర్లు 21 కిలోలు. అంతమంది తిరిగి వస్తారని అనుకోక పొద్దున్న 2 కిలోల పప్పే నానబోసి వెళ్ళాను. మిగతా కిలోన్నర అత్తయ్య అప్పటికే నానబెట్టి ఉంచింది.